కారవాన్ వస్తోంది సరే, స్టూవర్టుపురం దగ్గర ఆగుతుందా?

కారవాన్ అనగానే మన తెలుగువాళ్లకి గుర్తొచ్చేది షూటింగుల్లో హీరోగారు కూర్చునే ఏసీ బండి. ఇప్పుడా బండి టూరిస్టుల చేతికి వస్తోంది. మంచం, వంటగది, బాత్రూమ్ అన్నీ అందులోనే. సముద్రం ఒడ్డున ఆపుకుని, పక్కన గుడారం వేసుకుని, ఉన్నన్నాళ్లు ఉండి ఇంకో ఊరికి పోవచ్చు. కేరళ 2021లోనే ‘కేరవాన్ కేరళ’ పేరుతో విధానం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2024-29 పర్యాటక విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్ అభివృద్ధికి కేంద్రం స్వదేశ్ దర్శన్ కింద నిధులు మంజూరు చేసింది. తీరం వెంట తీరిగ్గా తిరగడం ఇక సర్కారు అమ్మే సరుకు.

తిరగడం అంటే మాకేమీ గిట్టక కాదు. వెన్నెల్లో సముద్రం చూస్తూ కూర్చోవాలని వెలివాడ పిల్లలకీ ఉంటుంది. మేము అడుగుతున్నదల్లా ఒకటే: ఈ దేశంలో బండి కట్టుకుని, గుడారం వేసుకుని తిరిగినవాళ్లని ఇన్నాళ్లూ ఏమన్నారు, ఇప్పుడు ఏమంటున్నారు?

బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నవి చాలావరకు ప్రయాణాలే. 1901లో సతారా నుంచి గోరేగావ్ వెళుతూ పిల్లలు రెట్టింపు కిరాయి ఇస్తామంటే తప్ప బండి దొరకలేదు. అదీ బండి వీళ్లే తోలుకోవాలి, బండివాడు పక్కన నడిచొస్తాడు. దగ్గర తిండి ఉంది, తాగడానికి నీళ్లిచ్చేవాళ్లు లేరు, ఆకలితోనే పడుకున్నారు. 1934లో ముప్పై మందిదాకా బస్సులో దౌలతాబాద్ కోటకి వెళితే, తొట్టిలో నీళ్లతో ముఖం కడుక్కున్నందుకు మైలపరిచారని గొడవ. మన నీళ్లు మనమే, మన పక్క మనమే, మన వంట మనమే మోసుకెళ్లడం మనవాళ్లకి గతిలేక అయిన అలవాటు. కారవాన్ బ్రోచర్లో అదే విలాసం.

ఈ మాట గుర్తుపెట్టుకుని బాపట్ల నుంచి చీరాల వైపు 216 హైవే మీద వెళ్దాం. దారిలో స్టూవర్టుపురం వస్తుంది. దొంగల ఊరుగా సినిమాలు దాని పేరు మోగించాయి, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ దాకా. కానీ ఆ ఊరు పుట్టిన కథ తిరగడం గురించిందే. ఎరుకల కుటుంబాలు ఎద్దుల మీద, గాడిదల మీద తీరం నుంచి ఉప్పు లోపలి ఊళ్లకి చేరవేసి, అక్కడి ధాన్యం ఇటు తెచ్చేవి. లంబాడీల ఎద్దుల బిడారులదీ అదే పని. అసలైన కారవాన్ అది. రైళ్లొచ్చాయి, బ్రిటిష్‌వాళ్లు ఉప్పుని గుప్పిట్లో పెట్టుకున్నారు, అడవి చట్టాలు పశువుల మేతని మూసేశాయి. వ్యాపారం పోయింది. పనిలేక తిరుగుతున్నవాళ్లని 1871 నేరస్థ తెగల చట్టం పుట్టుకతోనే దొంగలంది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. ఆ తర్వాత కొన్నేళ్లకే సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి పెట్టిన సెటిల్‌మెంటే స్టూవర్టుపురం. హాజరు పిలిచేవాళ్లు, బయటికి కదలాలంటే చీటీ కావాలి, చీరాల పొగాకు కంపెనీలో కూలికి పంపేవాళ్లు. తిరగడమే నేరం.

ఆ చట్టం 1952లో రద్దయింది. దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి, అనుమానం అలాగే మిగిలింది. 2024 అక్టోబర్‌లో జైళ్లలో కుల వివక్ష కేసులో తీర్పు చెబుతూ, విముక్త జాతుల వాళ్లని ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు పోలీసులకి చెప్పాల్సి వచ్చింది. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా! ఆలోచించండి, రాత్రి పదింటికి హైవే పక్కన రెండు గుడారాలున్నాయి. ఒకటి అద్దె కారవాన్ పక్కన రంగు నైలాన్‌ది, ఇంకోటి చిరిగిన టార్పాలిన్‌ది. పెట్రోలింగ్ జీపు దేని దగ్గర ఆగుతుంది?

ఇంకాస్త ముందుకెళితే చీరాల. ‘క్యాంపింగ్’ని తెలుగులో శిబిరం అంటున్నారు గానీ, ఆ మాట వింటే మాకు గుర్తొచ్చేది చీరాలే. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపాక, బతికినవాళ్లు చేరిన చోటు చీరాల. అక్కడి శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. వాళ్లు ఊరికి తిరిగి వెళ్లమన్నారు, చీరాలలోనే కాలనీ కట్టుకుని ఉండిపోయారు. 1991 ఆగస్టు 6న చుండూరు తర్వాత తెనాలిలోనూ శిబిరమే. వాడరేవు బీచ్ ఫోటోలతో వచ్చే ఏ టూరిజం పుస్తకంలోనూ ఇదేదీ ఉండదు.

ఇక రేపటి సంగతి. బండి మనదైనా, ఆపుకునే చోటు మనది కాదు. బుకింగ్‌లో పేరు, ఇంటిపేరు, ఊరు, ఆధార్ కార్డు అన్నీ అడుగుతారు. అద్దె ఇల్లు వెతుక్కున్న ప్రతి దళిత విద్యార్థికీ ‘మీరేవిట్లు’ అనే ప్రశ్న తెలుసు. అది పార్కు గేటు దగ్గర వినపడదని భరోసా ఏమిటి? రాజ్యాంగం 15(2) హోటళ్లు, రోడ్లు, స్నానఘట్టాల్లో కులం పేరుతో అడ్డుకోవద్దంది, ప్రభుత్వ సొమ్ముతో పూర్తిగానో కొంతగానో నడిచే బహిరంగ స్థలాలన్నిటికీ అది వర్తిస్తుంది. సూర్యలంకలో పడుతున్నది ప్రభుత్వ సొమ్మే. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న అట్రాసిటీ చట్టం సవరణ కూడా నీళ్లు, రోడ్డు, స్నానఘట్టం, వాహనం దగ్గర అడ్డుకోవడాన్ని నేరంగా స్పష్టంగా రాసింది. కాగితం గట్టిదే. పార్కు లైసెన్సు షరతుల్లో అది కనిపించాలి.

బ్రోచర్లు అసలు మాట్లాడని సంగతి ఒకటుంది. కారవాన్‌లో మరుగుదొడ్డి ఉంటుంది, దాని కింద ట్యాంకు ఉంటుంది. మూడు రోజులకో నాలుగు రోజులకో అది నిండుతుంది. విదేశాల్లో దాన్ని ఖాళీ చేయడానికి వేరే చోటు, పైపు, కాలువ ఉంటాయి, బండి తోలినవాడే చేసుకుంటాడు. ఇక్కడ ఎవరు చేస్తారో చెప్పక్కర్లేదు. 2013 చట్టం చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించింది, రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడాన్నీ నిషేధించింది. అయినా ట్యాంకుల్లో మనవాళ్లు చస్తూనే ఉన్నారు. డంపింగ్ పాయింటు లేని పార్కుకి అనుమతి ఇస్తే, మనుషుల్ని దించే ట్యాంకులు ఇంకొన్ని పెరుగుతాయి.

నేల సంగతీ ఉంది. 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న పల్లె తీరాల్లో నిర్మాణాలకు వీల్లేని మేరని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. తీరంలో పోరంబోకు అంటున్న చాలా నేల మీద యానాదుల గుడిసెలు, మత్స్యకారుల వలలు, దళితుల సరుగుడు తోటలు ఉన్నాయి, పట్టాలే లేవు. కేరళలో 50 సెంట్లు ఉన్నా కారవాన్ పార్కు పెట్టుకోవచ్చు. మన డీ-పట్టా కుటుంబాల దగ్గరా కొద్దో గొప్పో నేల ఉంది. వాళ్లని యజమానులు చేస్తారా, గేటు దగ్గర కాపలా పెడతారా?

బాపట్ల, ఒంగోలు, మచిలీపట్నం విద్యార్థి మిత్రులకి ఒక పని. పర్యాటక శాఖకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ జిల్లాలో కారవాన్ పార్కులకి గుర్తించిన సర్వే నంబర్లు, ఆ భూమి ఎవరి అనుభవంలో ఉంది, మరుగు ట్యాంకులు ఎక్కడ ఎలా ఖాళీ చేస్తారు, కేటాయింపుల్లో ఎస్సీ, ఎస్టీలకు వాటా ఎంత. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. జవాబు వస్తే మాకు పంపండి, రాకపోయినా చెప్పండి.