కుట్లు మానిన తరువాత





కొద్ది నెలల క్రితము రెండు సంచికలలో ఈ పుట ఖాళీగా ఉన్నప్పుడు మీలో చాలామంది ఫోను చేసి విచారించారు. "చిన్న ఆపరేషన్ అయింది, ప్రార్థించండి" అని మాత్రమే చెప్పి తప్పించుకున్నాను. ఏమి ఆపరేషనో చెప్పలేదు. జబ్బు ఉన్న చోటు అటువంటిది. నాకు జరిగినది గజ్జలోని హెర్నియాకు ఆపరేషన్. మన పల్లెల్లో పేగు జారింది అంటారు. సిగ్గుపడి దానిని రెండు సంవత్సరములు దాచుకున్నాను. ఆపరేషన్ అయిన తరువాత మరొక దానిని దాచాను. ఆ రెండవ దాపరికము వలన నా సంఘములోని ఒక సహోదరునికి హాని జరిగింది. అందుకే ఈ నెల సిగ్గు విడిచి వ్రాస్తున్నాను.

రాత్రి కూడికలకు మైకు పెట్టెలు, బల్లలు చాలాసార్లు నేనే ఎత్తేవాడిని. ఒకరోజు స్నానము చేస్తుండగా కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు కనబడింది. పడుకుంటే లోపలికి పోయేది, దగ్గితే బయటికి వచ్చేది. నొప్పి లేదు గనుక ఊరుకున్నాను. చివరకు ఒక సాయంత్రము ధరణికోటలో గృహకూడికకు వెళ్ళినప్పుడు ఆ ఉబ్బు రాయిలా గట్టిపడి, అరగంట వరకు లోపలికి పోలేదు. చెమటలు పట్టాయి. మరునాడే గుంటూరు వెళ్ళాను.

డాక్టరుగారు నన్ను నిలబెట్టి దగ్గమన్నారు. చేయి పెట్టి చూచి, ఓపికగా వివరించారు. గజ్జ దగ్గర పొట్ట గోడ సహజముగానే కొంత బలహీనముగా ఉంటుంది. బరువులు, మానని దగ్గు, మలబద్ధకముతో ముక్కుట వంటివి ఆ చోటును ఇంకా వదులు చేస్తాయి. అక్కడనుండి లోపలి కొవ్వో పేగో ముందుకు తోసుకొని వస్తుంది. పురుషులలో 100 మందికి సుమారు 27 మందికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందట. స్త్రీలలో 100 మందికి 3. నూనె మర్దనలకు, కట్లకు, మాత్రలకు ఆ రంధ్రము పూడదు. జారిన పేగు అందులో ఇరుక్కొని రక్తప్రసారము ఆగితే ప్రాణాపాయము. "రెండేళ్ళు ఎందుకు ఊరుకున్నారండీ?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

లోపల వల పెడతారని విని ఇంట్లో అందరు భయపడ్డారు. ఆ భయము మీలోను ఉంటుంది గనుక రెండు మాటలు చెప్తాను. 1880లలో ఇటలీ దేశపు వైద్యుడు బస్సీని, పొట్ట గోడలోని పొరలను దగ్గరకు లాగి కుట్టే పద్ధతిని కనిపెట్టారు. చాలా కాలము ఆ పద్ధతే నడిచింది. కాని లాగి కుట్టిన చోట బిగువు ఎక్కువ. కొందరికి మళ్ళీ ఊడిపోయేది. 1980లలో అమెరికాలో లిఖ్టెన్‌స్టయిన్ అను వైద్యుడు, ఏమీ లాగకుండ రంధ్రము మీద పాలీప్రొపిలీన్ జాలిని పరచి కుట్టుట వాడుకలోకి తెచ్చారు. మన కండ ఆ జాలి కన్నులలోనుండి పెరిగి దానిని తనలో కలుపుకుంటుంది. మహారాష్ట్రలోని దొండాయిచా అను చిన్న పట్టణములో డాక్టర్ టొంగావ్‌కర్ గారు బీదవారి కొరకు శుద్ధి చేసిన దోమతెర గుడ్డనే వాడి ఫలితములు ప్రకటించారు. తరువాత ఉగాండా దేశములో సుమారు 300 మంది మీద పరీక్షించి చూచి, ఖరీదైన జాలికిని దోమతెర గుడ్డకును పెద్ద తేడా లేదని 2016లో తెలియజేశారు. కృష్ణ ఒడ్డున వలలు బాగుచేసుకొనేవారిని రోజూ చూస్తున్న మనము వల అంటే భయపడనవసరము లేదు.

వెన్నులో సూదిమందు ఇచ్చి ఆపరేషన్ చేశారు. మరునాడే నడిపించారు. ఇంటికి వచ్చిన తరువాత మొదటి వారము నేను నేర్చుకున్న పాఠములు చిన్నవే గాని ఉపయోగమైనవి. లేచేటప్పుడు తిన్నగా లేవకుండ పక్కకు తిరిగి, మోచేయి ఊని లేవాలి. దగ్గు, తుమ్ము వచ్చేటప్పుడు దిండును కోత మీద అదిమి పట్టుకోవాలి. మూడవ రోజున వృషణము దగ్గర నల్లగా కమిలి వాచితే నా భార్య కంగారుపడింది. పై నుండి రక్తము కిందికి దిగి అలా కములుట ఈ ఆపరేషనులో మామూలేనని, వాపు పెరిగిపోతే మాత్రము రమ్మని డాక్టరుగారు చెప్పారు.

చూడవచ్చినవారు తలా ఒక పథ్యము చెప్పారు. పప్పు తింటే చీము పడుతుందన్నారు. పెరుగు వద్దన్నారు. డాక్టరుగారు నవ్వి, "పప్పు మానితే కండ దేనితో పూడుతుంది?" అన్నారు. పప్పు, గ్రుడ్డు, ఆకుకూర, పండ్లు తిని, నీళ్ళు బాగా త్రాగి, ముక్కకుండ విరేచనము అయ్యేటట్లు చూసుకోవాలి. బీడీ, చుట్ట త్రాగేవారు మానాలి. పొగ వలన గాయము ఆలస్యముగా మానుతుంది, దగ్గు వలన కుట్ల మీద ఒత్తిడి పడుతుంది.

ఆరవ వారములో సంఘము కృతజ్ఞతా కూడిక పెట్టింది. సాక్ష్యము చెప్పమన్నారు. నేను నిలబడి దేవుని స్తుతించి, "ఇప్పుడు నాలో నొప్పి అన్నది లేదు, ప్రభువు పూర్తిగా బాగుచేశాడు" అన్నాను. అందరు ఆనందముతో చప్పట్లు కొట్టారు.

ప్రియులారా, అది నిజము కాదు. కోత చుట్టు అరచేయంత మేర మొద్దుబారి ఉండేది. క్రోసూరు దారిలో మోటారుసైకిలు గుంటలో పడినప్పుడల్లా గజ్జనుండి తొడ లోపలికి సూదితో గుచ్చినట్లు మంట వచ్చేది. నేల మీద బాసిపట్టు వేసుకొని ఎక్కువసేపు కూర్చోలేకపోయేవాడిని. మోకాళ్ళ మీద ప్రార్థన చేసి లేచేటప్పుడు కుర్చీ పట్టుకొనేవాడిని. మరి ఎందుకు అలా చెప్పాను? కాపరి ప్రార్థనకే జవాబు సగము వచ్చిందంటే మందకు ఏమి ధైర్యము అనుకున్నాను. అది దేవుని మహిమ కొరకు అనుకున్నాను గాని, నా పరువు కొరకే.

ఆ కూడికలో వెనుక వరుసలో మిరపకాయల టిక్కీలు మోసే ఒక సహోదరుడు కూర్చున్నాడు. నాకంటె ఎనిమిది నెలల ముందే ఆయనకు ఇదే ఆపరేషన్ జరిగింది. ఆయనకు ఇంకా నొప్పి ఉంది. నా సాక్ష్యము విని, లోపము తన విశ్వాసములో ఉన్నదని తీర్మానించుకున్నాడు. డాక్టరు దగ్గరకు పోవుట మానివేశాడు. ఉపవాసము మొదలుపెట్టాడు. పనికి పోక తప్పదు గనుక మందుల షాపులో నొప్పి మాత్రలు కొని, ఖాళీ కడుపుతోనే రోజుకు రెండు మూడు మ్రింగి టిక్కీలు మోశాడు. రెండు నెలల తరువాత ఆయన భార్య వచ్చి, "అమ్మగారూ, మా ఆయనకు విరేచనము తారులాగా నల్లగా పోతున్నది, కళ్ళు తిరుగుతున్నాయి" అని మా ఇంట్లో చెప్పుకొని ఏడ్చింది.

ఆ రాత్రే ఆటోలో గుంటూరు తీసుకొని వెళ్ళాము. మాత్రల వలన కడుపులో పుండుపడి రక్తము పోయింది. రక్తము ఎక్కించారు. మంచము పక్కన నేను, "అన్నా, నొప్పి సంగతి నాతో ఒక్క మాట చెప్పకపోయావే" అన్నాను. ఆయన గోడవైపు చూస్తూ, "మీకు పూర్తిగా తగ్గిందిగా అయ్యగారూ, నాకు తగ్గలేదని ఎట్లా చెప్పేది?" అన్నాడు. ఆ మాట నాకు కోతకంటె లోతుగా తగిలింది. అక్కడే నా సంగతి ఆయనకు ఒప్పుకున్నాను.

సర్జను పరీక్షించి, హెర్నియా తిరిగి రాలేదని చెప్పారు. ఆ చోట మూడు సన్నని నరములు ఉంటాయట. కోతలోగాని, కుట్టులోగాని, మానిన మచ్చలోగాని వాటిలో ఒకటి ఒరుసుకుంటే మంట, జివ్వుమనుట, మొద్దుబారుట వస్తాయి. ఈ ఆపరేషన్ చేయించుకున్న 100 మందిలో 10, 12 మందికి మూడు నెలలు దాటినా చెప్పుకోదగిన నొప్పి ఉంటుందని 2018లో వెలువడిన అంతర్జాతీయ వైద్యుల మార్గదర్శకములలో ఉన్నది. పనికి అడ్డము వచ్చేంత బాధ అంతకంటె తక్కువమందికే. ఎక్కువమందిలో కాలక్రమమున అది నెమ్మదిస్తుంది. నరముల నొప్పికి వేరే మందులు ఉన్నాయి. అవసరమైతే ఆ నరము దగ్గర మత్తు సూది ఇస్తారు. ఇంకా తగ్గకపోతే చేయదగినవి వేరే ఉన్నాయి. అయితే ఇవన్నీ నొప్పి ఉన్నదని చెప్పినవారికే దొరుకుతాయి.

తరువాతి ఆదివారము వాక్యము చెప్పకముందు సంఘము ఎదుట నా అబద్ధమును ఒప్పుకున్నాను. ఆదికాండము 32వ అధ్యాయములో యాకోబు ఆశీర్వాదము పొందిన తెల్లవారే కుంటుతూ నడిచాడని చూపించాను. ఆ కుంటు ఆశీర్వాదమును కొట్టివేయలేదు. పౌలు తన శరీరములోని ముల్లు తొలగిపోవాలని మూడుసార్లు వేడుకున్నాడు, అది తొలగలేదు. ఆ సంగతి 2 కొరింథీయులకు 12వ అధ్యాయములో దాచకుండ వ్రాశాడు. పౌలు ఆనాడు నాలాగా సాక్ష్యము చెప్పి ఉంటే, నొప్పితో ఉన్న ఎందరికో ఆ అధ్యాయము లేకుండా పోయేది.

వైద్యము చేయించుకొనుట అవిశ్వాసము అనేవారు మన మధ్య ఇంకా ఉన్నారు. వారికి మన పల్నాడు చరిత్రే జవాబు. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ గారు అమెరికాకు తిరిగి వెళ్ళినప్పుడు, యాభై ఏళ్ళు దాటిన వయస్సులో వైద్యము చదివి పట్టా పుచ్చుకొని మళ్ళీ వచ్చారు. 1849లో గురజాల చేరి సేవ చేశారు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ దొరసానిగారు 1898లో గుంటూరులో స్త్రీల కొరకు ఆసుపత్రి తెరిచారు. మన పితరులకు సువార్తయు మందు సీసాయు ఒకే చేతులనుండి అందినవి.

ఆ ఆదివారము ఆరాధన అయిన తరువాత ముగ్గురు నా వసారాలోకి వచ్చారు. ఒక సహోదరి, కు.ని. ఆపరేషన్ అయినప్పటినుండి పొత్తికడుపు గుంజుతున్నదని పన్నెండేళ్ళలో మొదటిసారి చెప్పింది. ఒక యౌవనుడు తనకూ గజ్జలో ఉబ్బు ఉన్నదని తలవంచుకొని చెప్పాడు. ఒక పెద్దాయన ఏమీ చెప్పకుండ, ప్రార్థన చేయమని మాత్రము అడిగాడు. ప్రార్థన చేసి, ముగ్గురిని డాక్టరు దగ్గరకు పంపించాము.

ఇప్పుడు ఆ సహోదరుడు టిక్కీలు మోయుట లేదు. సంఘములోని ఒక రైతు తన కల్లములో తాలుకాయలు ఏరించే పనికి ఆయనను పెట్టుకున్నాడు. కూలి మునుపటికంటె తక్కువ. ఆ లోటు ఇంకా పూర్తిగా తీరలేదు. నెలకు కొంత బియ్యము సంఘము ఇస్తున్నది. ఆయన నొప్పి సగము తగ్గింది. నాకు ఆపరేషన్ జరిగి ఏడు నెలలు. మంట ఎప్పుడో గాని రాదు, మొద్దు మాత్రము అలాగే ఉంది. ప్రభువు బల్ల దగ్గర నేను కుర్చీ పట్టుకొని లేచుట సంఘమంతా చూస్తున్నది. చూడనివ్వండి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయి ఉంటే ఈ మాటలు జ్ఞాపకముంచుకొనండి. కోత కింద తాడులా గట్టిగా తగులుట, చుట్టు మొద్దుబారుట, లాగినట్లు ఉండుట కొన్ని వారములు మామూలే. నడక మొదటినుండి మంచిది. బరువులు ఎప్పుడు ఎత్తవచ్చునో మీ డాక్టరునే అడగండి. పొలము పని, మోత పని చేసేవారు తమ పని ఏమిటో విప్పి చెప్పి మరీ అడగండి. జ్వరము వచ్చినా, కోత ఎర్రబడి చీము కారినా, మూత్రము ఆగినా, ఉబ్బు మళ్ళీ కనబడినా ఆలస్యము చేయకండి. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకుండ వాంతులు, కడుపుబ్బరము తోడైతే తెల్లవారే వరకు ఆగకుండ ఆసుపత్రికి వెళ్ళండి. మూడు నెలలు దాటినా నొప్పి ఉంటే ఆపరేషన్ చేసినవారి దగ్గరకే తిరిగి వెళ్ళి చెప్పండి. నొప్పి మాత్రలు మీ అంతట మీరు రోజుల తరబడి మ్రింగకండి.

సంఘపెద్దలకు ఒక విన్నపము. ఆసుపత్రినుండి వచ్చినవారిని వెంటనే సాక్ష్యమునకు నిలబెట్టకండి. ముందు ఇంటికి వెళ్ళి, పక్కన కూర్చొని, "ఇంకా ఎక్కడ నొప్పిగా ఉన్నది?" అని అడగండి. వారు చెప్పేంతవరకు కూర్చొనండి.

మీ ప్రార్థనలలో ఆ సహోదరుని, నన్ను జ్ఞాపకము చేసుకొనండి. ప్రభువు కృప మీకు తోడైయుండును గాక.

ప్రభువునందు మీ సహోదరుడు,
అమరావతి నుండి