ఇంటి తోట: నీరు నిలువని కుండీ



తులసికి దినదినము నీరుపోయు చేయి కలబందకును అట్లే పోయును. అది మన యలవాటు. కాని తులసికి ప్రాణాధారమైన యా చెంబెడు నీరే కలబందకు ప్రాణాంతకమగుచున్నది. మా శేరిలింగంపల్లిలో నేడు పెరడుగల యిండ్లు అరుదు. అంతస్తుల భవనములలో కాపురముండువారికి బాల్కనీయే పెరడు. నర్సరీవారు సక్యులెంట్లని పిలుచు కండగల యాకుల మొక్కలు, అనగా కలబంద, రణపాల, ఎడారి గులాబి, జెముడు జాతులు, ఇంటింటను చేరుచున్నవి. ఆషాఢమున కొన్నమొక్క భాద్రపదమునకు కుళ్లినదని విచారించు గృహిణులను ఎందఱినో చూచుచున్నాము. అందు కొఱవడినది శ్రద్ధ కాదు. నీరు వెడలిపోవు దారి.

ఈ మొక్కల నడవడి వేఱు. తక్కిన మొక్కలు పగటివేళ ఆకుల రంధ్రములు తెఱచి గాలి పీల్చును. ఇవి పగలు వానిని మూసికొని రాత్రి తెఱచును. అందుచే నీరు ఆవిరియై పోవుట మిక్కిలి తక్కువ. రాత్రి పీల్చిన వాయువును పులుసుగా మార్చి యాకులో దాచుకొని పగటి యెండలో వాడుకొనును. ఒకప్పుడు గోదావరి సీమలోని సామర్లకోటలో కుంపినీవారి తోటను చూచిన బెంజమిన్ హైన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు రణపాల యాకు ఉదయము పుల్లగానుండి మధ్యాహ్నమునకు రుచి కోల్పోవుచున్నదని గమనించి వ్రాయగా, అది లండనులోని లినియన్ సొసైటీ సంపుటమున 1815లో అచ్చుపడినది. ఇట్లు పొదుపరియైన మొక్కకు దినమును నీరుపోయుట నిండుగాదెలో మఱల ధాన్యము గ్రుక్కుటయే.

వేళ్లకు నీటితోపాటు గాలియు కావలెను. మన్ను ఎడతెగక తడిసియున్నచో గాలి యాడక వేళ్లు కుళ్లును. కుండీ అడుగున గులకరాళ్లు పఱచినచో నీరు దిగునని పలువురు తలతురు. అది నిజము కాదు. మా వారు బడిపిల్లలకు దీనిని తడిగుడ్డతో చూపుదురు. ఉతికిన గుడ్డను దండెముపై వేయగా పైభాగము ఆఱినను క్రిందియంచు తడిగానే యుండును గదా! కుండీలోని మన్నును అట్టిదే. రాళ్లు పఱచినచో ఆ తడియంచు వేళ్లకు మఱింత చేరువగును. కావున రాళ్లు వలదు. అడుగున రంధ్రముండి దానిపై ఒక పెంకుముక్క బోర్లించిన చాలును. మన్నంతయు గరుకుగానుండుటయే ముఖ్యము.

అట్టి గరుకుపదార్థము మా ప్రాంతమున కొదువలేదు. ఇచ్చటి నల్లరాతి గుట్టలు సుమారు 250 కోట్ల యేండ్లనాటివి. అవి శిథిలమై యేర్పడిన మొరమే మనకు కావలసినది. ఎఱ్ఱమన్ను ఒక పాలు, బాగుగ మాగిన యెరువు అరపాలు, జల్లించిన మొరము గాని ముతకయిసుక గాని ఒకటిన్నర పాలు కలుపవలెను. భవనములు కట్టుచోట దొరకు రాతియిసుకయైనచో కడిగి సన్నని పొడిని పోగొట్టవలెను. లేనిచో అది సిమెంటువలె బిగియును.

కుండీ మార్చుటకు మాఘ ఫాల్గుణములు మంచివి, వానకాలము తగదు. నాలుగుదినములు ముందుగా నీరు మానవలెను. మొక్కను పెకలించి పాతమన్ను దులిపి, మెత్తబడి నల్లనైన వేళ్లను శుభ్రమైన కత్తితో కోసి, నీడలో రెండు మూడు దినములు గాయము మాననీయవలెను. క్రొత్తకుండీ పాతదానికంటె రెండంగుళములకు మించి వెడల్పుండరాదు. నాటిన వారమునకు గాని నీరు పోయరాదు. జెముడు, ఎడారి గులాబి పాలు కంటబడిన మిక్కిలి హాని. చేతితొడుగులు వేసికొని, పసిపిల్లలను దూరముంచుడు.

నీరు పోయుటకు వారములు లెక్కింపబనిలేదు. చీపురుపుల్లను అడుగువఱకు గ్రుచ్చి తీయుడు. తడిమన్ను అంటినచో ఆగుడు. పొడిగా వచ్చినచో రంధ్రమునుండి కాఱువఱకు నిండుగా పోయుడు. ఆకు వాడినంతనే చెంబెత్తరాదు. దప్పికగొన్న మొక్కయు వాడును, వేళ్లు కుళ్లి త్రాగలేని మొక్కయు వాడును. పుల్లయే తీర్పు చెప్పును. ఈ నగరమున సాలుకు కురియు సుమారు 800 మిల్లీమీటర్ల వానలో అధికభాగము జూను మొదలు సెప్టెంబరు లోపలనే కురియును. ఆ నాలుగునెలలు కుండీలను చూరుక్రిందికి జరుపుడు.

కడపట ముఖ్యమైన మాట. కుండీక్రింది పళ్లెమున నిలిచిన నీరు డెంగీ దోమకు పుట్టినిల్లు. గ్రుడ్డు దోమయగుటకు వారము పదిదినములు చాలును. ఆ గ్రుడ్లు పళ్లెపుటంచున అంటుకొని నీరెండినను నెలలతరబడి బ్రదుకును. కావున నీరు కాఱిన వెంటనే పళ్లెము వంపి, వారమునకొకసారి పీచుతో తోమవలెను. ఆ నీటిని క్రింది యంతస్తువారి యాఱవేసిన బట్టలపై వంపకుడు, బొక్కెనలోనికి వంపుడు. మొక్క చచ్చిన మఱియొకటి కొనవచ్చును. ఇంట పసివానికి జ్వరము తగిలినచో ఆ బాధ తీర్చుట మన చేతిలో నుండదు. నేడే మీ కుండీలనెత్తి అడుగు చూడుడు: రంధ్రము తెఱచియున్నదా, పళ్లెము పొడిగానున్నదా?