కొలెస్ట్రాల్ మాత్ర చెప్పాపెట్టకుండా మానేస్తున్నారా?

ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. అటోర్వాస్టాటిన్ అనో, రోసువాస్టాటిన్ అనో రాసి ఉన్న స్ట్రిప్పు సగం వాడి పక్కన పడేసి ఉందా? అయితే ఎవరో ఆ మాత్ర మానేసి ఉండొచ్చు. కాళ్లు లాగుతున్నాయనో, లివర్ పాడవుతుందని వాట్సాప్‌లో చదివో, ‘రిపోర్టు నార్మల్ వచ్చిందిగా, ఇంకెందుకు’ అనో. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు మాత్రం ‘వేసుకుంటున్నానండీ’ అనే చెబుతారు. కొలెస్ట్రాల్ తగ్గలేదని డాక్టర్ డోసు పెంచుతారు. వేసుకోని మందుకు డోసు పెరగడమన్నమాట!

స్టాటిన్ అందరికీ అవసరమని నేను అనను. మానేయడం తప్పనీ అనను. మానేసిన సంగతి దాచడంతోనే నా పేచీ. ఎందుకంటే ఈ మాత్ర ఆపితే ఆ రోజు ఏమీ అనిపించదు. ముప్పు చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది.

ముందు మీరు ఏ కోవలో ఉన్నారో తేల్చుకోండి. ఇప్పటికే గుండెపోటు వచ్చినా, స్టెంట్ వేసినా, బైపాస్ జరిగినా, రక్తనాళం పూడుకుపోయి పక్షవాతం వచ్చినా ‘వేసుకోవాలా వద్దా’ అన్న ప్రశ్నే లేదు. ఏ మందు, ఎంత డోసు అన్నదే చర్చ. స్టెంట్ ఒక్క చోట దారి తెరుస్తుంది, మిగతా రక్తనాళాల్లోని కొవ్వు సంగతి దానికి పట్టదు. ల్యాబ్ వాళ్లు ‘నార్మల్’ అని వేసే 100 ఎల్‌డీఎల్ కూడా మీకు ఎక్కువే. ముప్పు చాలా ఎక్కువగా ఉన్నవారికి అది 55 లోపు ఉండాలని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది.

లాభనష్టాల లెక్క 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎల్‌డీఎల్‌ను 77 మేర తగ్గించే స్టాటిన్‌ను 10,000 మంది ఐదేళ్లు వాడితే, గుండె జబ్బు ఉన్నవారిలో సుమారు 1,000 మందికి, జబ్బు రాలేదు గానీ ముప్పు ఎక్కువున్నవారిలో సుమారు 500 మందికి గుండెపోటు, పక్షవాతం లాంటివి తప్పుతాయి. అంతే మందిలో తీవ్రమైన కండరాల జబ్బు వచ్చేది ఐదుగురికి. కొత్తగా షుగర్ బయటపడేది 50 నుంచి 100 మందికి. ఈ షుగర్ ఎక్కువగా అప్పటికే బోర్డర్‌లో ఉన్నవారికే వస్తుంది. మన ఇళ్లలో అలాంటివారు తక్కువేం కాదు. కాబట్టి మొదలుపెట్టే ముందు ఒకసారి హెచ్‌బీఏ1సీ చూపించుకోండి.

ఇక ఒళ్లు నొప్పుల సంగతి. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ వాళ్లు, స్టాటిన్ పడక మానేసిన 60 మందితో ఒక ప్రయోగం చేశారు. ఒక్కొక్కరికి 12 సీసాలు, నెలకొకటి. నాలుగింట్లో స్టాటిన్, నాలుగింట్లో అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు, నాలుగు ఖాళీ. రోజూ బాధ ఎంతుందో ఫోన్లో నమోదు చేయాలి. 2020లో ఫలితాలు వచ్చాయి. స్టాటిన్ నెలల్లో పడిన బాధలో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్ర నెలల్లోనూ ఉంది! నొప్పి నిజంగానే వస్తుంది. కాకపోతే దాన్ని తెచ్చేది చాలాసార్లు ‘ఈ మాత్ర పడదేమో’ అన్న బెంగ. తమ సొంత లెక్కలు కళ్లారా చూసుకున్నాక వారిలో సగం మంది మళ్లీ మాత్ర మొదలుపెట్టారు.

అలాగని ‘అంతా మీ భ్రమ’ అని కొట్టిపారేసే డాక్టర్లతోనూ నేను ఏకీభవించను. స్టాటిన్ వల్ల నిజంగా నొప్పులు వచ్చేవారు కొందరున్నారు. సాధారణంగా అవి రెండు తొడల్లో, పిక్కల్లో, భుజాల్లో, రెండు వైపులా వస్తాయి. మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన కొన్ని వారాల్లో కనిపిస్తాయి. ఒక్క మోకాలే నొప్పి పెడుతుంటే అది కీళ్ల గొడవ, మాత్రను తిట్టకండి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. థైరాయిడ్ తగ్గితే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కండరాలూ నొప్పెడతాయి. దానికి మందు వాడితే ఒక్కోసారి రెండూ దారికొస్తాయి. సీకే అనే రక్త పరీక్ష కండరం దెబ్బతింటోందో లేదో చెబుతుంది. అవసరమైతే డాక్టరే కొన్ని వారాలు ఆపించి, నొప్పి తగ్గాక తక్కువ డోసుతోనో, వేరే స్టాటిన్‌తోనో మళ్లీ మొదలుపెడతారు. రోసువాస్టాటిన్ ఆసియా వాళ్ల రక్తంలో తెల్లవారికన్నా ఎక్కువ స్థాయిలో చేరుతుంది. అందుకే మనకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని అడగడంలో తప్పులేదు. ఏదీ పడకపోతే ఎజెటిమైబ్ లాంటి వేరే మందులున్నాయి.

భరించలేని కండరాల నొప్పితో పాటు మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం మాత్ర ఆపేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇది చాలా అరుదు. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ రాసినప్పుడు ‘స్టాటిన్ వాడుతున్నాను’ అని చెప్పడం మరవొద్దు. లివర్ భయం మాత్రం అతిగా ఉంది. తరచూ లివర్ పరీక్షలు చేయించాలన్న సూచనను అమెరికా ఎఫ్‌డీఏ 2012లోనే తీసేసింది. ఫ్యాటీ లివర్ ఉన్నంత మాత్రాన ఆపాల్సిన పనిలేదు.

నిజంగా ఆలోచించుకోవాల్సింది గుండె జబ్బు లేనివారు. 35 ఏళ్లు, ఎల్‌డీఎల్ 135, బీపీ, షుగర్, సిగరెట్ లేవు, ఇంట్లో ఎవరికీ చిన్న వయసులో గుండెపోటు రాలేదు. ఇలాంటివారు కొన్ని నెలలు నడక, తిండి మార్చుకుని చూస్తామంటే అది సబబే. ఎల్‌డీఎల్ 190 దాటితే అంత తీరిక లేదు. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్ల లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి. రెండు నిమిషాల ఓపీలో ఇవన్నీ ఎవరూ అడగరు. ‘పదేళ్లలో నాకు ముప్పు ఎంత? మాత్రతో ఎంత తగ్గుతుంది?’ అని మీరే అడగాలి. జవాబు తేలకపోతే గుండె రక్తనాళాల్లో కాల్షియం చూసే సీటీ స్కాన్ అవసరమా అని అడగండి. గర్భం కోసం ప్రయత్నిస్తున్న ఆడవాళ్లు మందు మొదలుపెట్టకముందే ఆ మాట చెప్పాలి.

వెళ్లేటప్పుడు ఒక చీటీ మీద రాసుకెళ్లండి: మాత్ర ఏ తేదీన మొదలైంది, నొప్పి ఎప్పుడు, ఎక్కడ వచ్చింది, ఇంకా ఏ మందులు వాడుతున్నారు, ఆపేసి ఉంటే ఎన్ని రోజులైంది.