సింగపూరుకు నాలుగు గంటలు - విశాఖ చేరడానికి మూడు!

రాజాం: కూలి పనులకు, ఫ్యాక్టరీ పనులకు విదేశాలు వెళ్ళే కుర్రవాళ్ళు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. "సింగపూరు ఎంతసేపు? నాలుగు గంటలే" అని ఏజెంట్లు చెప్తారు. అది అబద్ధం కాదు. విశాఖ నుండి సింగపూరు ఆకాశ మార్గాన సుమారు 2900 కి.మీ.లు. విమానం గంటకు 800 కి.మీ.లకు పైగా పోతుంది గనుక నేరుగా వెళ్ళే విమానానికి నాలుగు గంటలు చాలు.

అయితే రాజాం నుండి విశాఖ విమానాశ్రయం సుమారు 110 కి.మీ.లు. బస్సులు మారి చేరడానికి మూడు గంటలు పడుతోంది. విదేశీ విమానానికి మరో మూడు గంటలు ముందుగా వుండాలి. అంటే నాలుగు గంటల ప్రయాణానికి ఆరు గంటలు నేల మీదే ఖర్చు!

హైదరాబాదు సంగతి మరీ విచిత్రం. గాలిలో దూరం 510 కి.మీ.లు, విమానానికి గంటంపావు. ఇంటి గుమ్మం నుండి లెక్కవేస్తే, శంషాబాద్ నుండి నగరంలోకి వెళ్ళే గంటతో కలిపి ఏడు గంటలు దాటుతుంది. పగటి విమానమైతే ఆ రోజు పని పోయినట్టే. పొందూరులోనో చీపురుపల్లిలోనో రాత్రి రైలెక్కినవాడికి ఆ నష్టం లేదు. రాజాంకు రైలు స్టేషను లేదు గనుక అక్కడికీ ఆటోయే గతి. శంషాబాద్ విమానాశ్రయం కట్టిన సంస్థ అధిపతి శ్రీ గ్రంధి మల్లికార్జునరావు పుట్టిన వూరు ఇదే!

టిక్కెట్టు మీది వేళలు చూసి మోసపోరాదు. దిగే వేళ అక్కడి గడియారం ప్రకారం వేస్తారు. సింగపూరు మనకంటే రెండున్నర గంటలు ముందు. ఇక్కడ రాత్రి 11కి ఎక్కి నాలుగు గంటలు ప్రయాణిస్తే, అక్కడ దిగేసరికి తెల్లవారి 5-30. దుబాయి మనకు గంటన్నర వెనుక. రాత్రి 12 దాటాక బయలుదేరే విమానమైతే తేదీ మారుతుంది. ముందురోజు రాత్రే ఇల్లు వదలాలి.

విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది. పౌర విమానాలకు పరిమితులు వున్నందునే భోగాపురంలో కొత్తది తలపెట్టారు. 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలో చేరింది గనుక భోగాపురం మన జిల్లాదే. అక్కడ విమానమెక్కేవారికి నేల మీద దూరం 40 కి.మీ.లకు పైగా తగ్గుతుంది.

అయితే బస్సు కలవకపోతే ఆ మిగులు దక్కదు. అర్ధరాత్రి విమానాలకు అద్దె కారే దిక్కయితే, అప్పు చేసి టిక్కెట్టు కొన్నవాడికి ప్రయాణం మొదట్లోనే మరో అప్పు. విమాన వేళలు ముందే ప్రకటిస్తారు. వాటిని చూసుకుని పాలకొండ నుండి రాజాం, చీపురుపల్లి, విజయనగరం మీదుగా భోగాపురానికి ఆర్టీసీ రాత్రి ఒకటి, తెల్లవారుజామున ఒకటి బస్సు నడిపినా చాలు.