పార పట్టేముందే ఆలోచించాలి

రాయి, ఇటుక, కుండపెంకు నేలలో వేల ఏళ్లు ఓర్చుకుంటాయి. కొయ్య, బట్ట, తోలు అలా ఓర్చుకోలేవు. గాలి సోకని బురదలోనో, చినుకు ఎరుగని ఇసుకలోనో చిక్కుకున్నవే మనదాకా వస్తాయి. బయటపడ్డ రోజు నుంచే వాటికి అసలు గండం మొదలవుతుంది.

నార్వేలోని ఓసెబర్గ్ దిబ్బను 1904లో తవ్వారు. క్రీ.శ. 834లో ఇద్దరు స్త్రీలను ఓడలో ఉంచి సమాధి చేసిన చోటది. బంకమట్టి, పచ్చికగడ్డలు గాలిని చొరనివ్వకపోవడంతో ఓడతోపాటు బండి, మంచుబళ్లు, జంతువుల తలలు చెక్కిన స్తంభాలు మిగిలాయి. ఓక్ కొయ్య ఓడ నెమ్మదిగా ఆరబెడితే తట్టుకుంది. మెత్తని కొయ్య వస్తువుల సంగతి వేరు. వాటిలోని సెల్యులోజును సూక్ష్మజీవులు ఏనాడో తినేశాయి. ఆకారాన్ని నిలిపింది లోపలి నీరే. నీరు ఆరితే కణాల గోడలు కుంగి చెక్క ముడుచుకుపోతుంది, పగిలిపోతుంది.

అందుకే వాటిని పటిక ద్రావణంలో కాచారు. పటిక లోపల గడ్డకట్టి రూపాన్ని నిలిపింది. ఆనాటి నిపుణులు తమకు తెలిసిన మంచి పద్ధతినే వాడారు. కానీ వేడెక్కిన పటిక నుంచి గంధకామ్లం పుట్టింది. అది వందేళ్లుగా కొయ్యను లోలోపల తినేస్తూ వచ్చింది. నేడు ఓస్లో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మిగిలినదాన్ని కాపాడే దారులు వెతుకుతున్నారు.

స్వీడన్ యుద్ధనౌక వాసాదీ ఇలాంటి కథే. 1628లో తొలి ప్రయాణంలోనే మునిగిన ఆ నౌకను 1961లో పైకి తీశారు. కొయ్య కుంగకుండా 17 ఏళ్లు పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనాన్ని చల్లారు. అయినా 2000లో దాని కొయ్యలోనూ ఆమ్లం బయటపడింది. రేవు నీటిలోని గంధకం, తుప్పుపట్టిన ఇనుము కలిసి చేసిన పని అది.

ఇలాంటి కొయ్యను కాపాడే బాధ్యత మన దేశంలోనూ ఉంది. కేరళలోని పట్టణం అనే ఊళ్లో జరిగిన తవ్వకాల్లో 2007లో సుమారు 6 మీటర్ల దోనె బయటపడింది. తడినేల ఉన్న చోటల్లా ఇలాంటివి దొరకవచ్చు. దొరికిన మర్నాడు ప్రయోగశాల కోసం వెతుక్కుంటే కొయ్య ఆగదు.

అందుకే తవ్వకానికి అనుమతి అడిగేనాడే సంరక్షణకు నిధులు, రసాయన నిపుణులు, తడిగా దాచే తొట్లు సిద్ధంగా ఉన్నాయని చూపించాలి. ఏ మందు ఎంత వాడారో రాసి పెట్టాలి, రేపటివారు దిద్దుకోవడానికి అదే ఆధారం. ఈ ఏర్పాట్లు లేనిచోట తవ్వకం ఆపడమే మేలు. అంతకాలం కాపాడిన నేల మరికొంతకాలం కాపాడగలదు.