నాటని పువ్వుకు థ్యాంక్స్

నా ఫోన్‌లో ఒక గ్రాటిట్యూడ్ యాప్ ఉంది. రోజూ రాత్రి పదింటికి నోటిఫికేషన్ పంపిస్తుంది, 'ఈరోజు మీకు జరిగిన మూడు మంచి విషయాలు రాయండి' అని. జిమ్‌కి ఏడాది ఫీజు కట్టి పది రోజులకే మానేసిన నేను, దీన్ని మాత్రం 41 రోజులు ఆపకుండా రాశాను. ఆరోగ్యం, ఉద్యోగం, కుటుంబం. మర్నాడు కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం. మా భాషలో చెప్పాలంటే కాపీ, పేస్ట్.

42వ రోజు ఆఫీసులో లేఆఫ్స్. మా టీమ్‌లో తొమ్మిది మందిమి ఉంటే నలుగురికి మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. నాకు రాలేదు. ఆ రాత్రి యాప్ తెరిచి 'ఉద్యోగం ఉంది' అని టైప్ చేశాక, ఆ రెండు మాటలు చూసి నాకే సిగ్గేసింది. పోయిన నలుగురిలో ఒకడు మూడేళ్ళుగా నా పక్కనే కూర్చున్నవాడు. ఇది కృతజ్ఞతా? లేక 'హమ్మయ్య, నేను కాదు' అనుకోవడమా?

హాల్లో అమ్మ బతుకమ్మ కోసం గునుగు పూలకు రంగులద్దుతోంది. "ఏంది బిడ్డా, ఎప్పట్నుంచో ఆ ఫోన్ల ఏం జూస్తున్నవ్?" అంది. చెప్పాను. "మంచిదే. మరి ఎవరికి చెప్తున్నవ్?"

నా దగ్గర జవాబు లేదు. 41 రోజులు నేను థ్యాంక్స్ చెప్పింది ఏదో ఒక సర్వర్‌కి.

ఈ రాసే అలవాటు పనికిరాదని నేననను. 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థుల చేత పది వారాలు వారానికోసారి రాయించారు. కొందరు తమకు దక్కిన మంచిని రాశారు, కొందరు చికాకులు రాశారు. మంచి రాసినవాళ్ళు రెండోవాళ్ళ కంటే జీవితం మీద ఎక్కువ తృప్తిగా కనిపించారు, వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. తర్వాత సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం ఆరు వారాల ప్రయోగం చేసింది. అందులో వారానికి ఒక్కసారి రాసినవాళ్ళ సంతోషం పెరిగింది, మూడుసార్లు రాసినవాళ్ళది పెరగలేదు. రోజూ చేస్తే ఏదైనా అటెండెన్స్ అయిపోతుందేమో. నాకైతే అలాగే అయింది.

అమ్మకు యాప్ లేదు, ఏడాదికి తొమ్మిది రోజులున్నాయి. ఈ సీజన్‌లో ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర చూడండి. వరంగల్ రోడ్డు మీది ఊళ్ళ నుంచి గునుగు, తంగేడు మోపులుగా వచ్చి పేవ్‌మెంట్ మీద కుప్పలు పడతాయి. వాటిని ఎవరూ నాటరు, నీళ్ళు పోయరు. గునుగు చేన్లో కలుపు మొక్క. తంగేడు బీడు భూముల్లో, రాళ్ళ మధ్య ఎండకు ఎండి కూడా పచ్చగా పూస్తుంది. పండక్కి పెద్దపీట గులాబీకి కాదు, వీటికి. అడగకుండా వచ్చినదాన్ని గుర్తుపట్టి, పేర్చి, చుట్టూ ఆడి, చివరికి తీసుకెళ్ళి చెరువుకే అప్పజెబుతారు. వానలు పడి చెరువులు నిండే రోజులు కదా, తీసుకున్నచోటికే తిరిగి ఇవ్వడం. ఆ థ్యాంక్స్‌కి ఒక అడ్రస్ ఉంది.

అయితే ఆ అడ్రస్ పరిస్థితి బాగా లేదు. మా నాచారం వైపు చెరువు గట్టున నిలబడితే కొన్ని రోజులు ముక్కు మూసుకోవాలి. నీళ్ళ మీద గుర్రపుడెక్క, ఒడ్డున కవర్లు. పోయినేడు అక్కడికి తాంబాళం మోసుకెళ్ళినప్పుడు అమ్మ నెమ్మదిగా అంది, "పువ్వులు తీసుకున్నం, నీళ్ళు తీసుకున్నం. మోరీ నీళ్ళు ఇచ్చినం." అప్పుడు అది ఫిర్యాదు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, థ్యాంక్స్ నిజంగా చెప్పేవాళ్ళే అలా బాధపడగలరు. అన్నీ బాగున్నాయని నోరు మూసుకోవడానికి కృతజ్ఞత పేరు వాడుకోకూడదు.

మర్నాడు పొద్దున హబ్సిగూడలో మెట్రో ఎక్కాను. సీటు లేదు. మూడేళ్ళలో నాకు సీటు లేకపోవడం చాలా అరుదు. ఎందుకంటే వాడు ఉప్పల్‌లో ఎక్కేవాడు, నాగోల్ తర్వాత రెండో స్టేషన్ కాబట్టి ఖాళీ ఉండేది. స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ దాటి నా స్టేషన్ వచ్చేసరికి పక్క సీట్లో బ్యాగు పెట్టుకుని, అందరి చూపులూ భరిస్తూ కూర్చుని ఉండేవాడు. రాయదుర్గం దాకా ముప్పావు గంట నిద్రపోయేవాణ్ణి నేను. 41 రోజులు, 123 మంచి విషయాలు. అందులో వాడి పేరు ఒక్కసారి కూడా లేదు.

ఆ రోజు నిలబడే ఫోన్ చేశాను. "సీటు పట్టినందుకు థ్యాంక్స్ రా" అన్నాను. వాడు నవ్వాడు. "దానికి పొద్దున్నే ఫోన్ చేసినవా?" కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు, "ఎక్కడైనా రెఫరల్ ఉంటే చూస్తవా? ఇంట్ల ఇంకా చెప్పలే."

సద్దుల బతుకమ్మ రోజు వాణ్ణి ఇంటికి పిలిచాను. అమ్మ పెరుగు సద్ది, చింతపండు పులిహోర, కొబ్బరి సద్ది పెట్టి, వద్దన్నా మళ్ళీ వడ్డించింది. తిన్నాక ఇద్దరం కూర్చుని వాడి రెజ్యూమె తిరగరాశాం. నాకు తెలిసిన ఆరుగురికి పంపాను. ఇద్దరు జవాబిచ్చారు, ఒక ఇంటర్వ్యూ పడింది. ఇంకా ఆఫర్ రాలేదు. సాయంత్రం బతుకమ్మను నీళ్ళలో వదిలాక, ఒడ్డున చిక్కుకున్న కవర్లు వాడూ నేనూ ఒక సంచీడు ఏరాం. చెరువు బాగుపడిందని కాదు, ఉత్త చేతులతో రాబుద్ధి కాలేదు.

యాప్‌లో నా స్ట్రీక్ తెగిపోయింది. ఇప్పుడు ఆదివారం ఒక్కరోజే రాస్తున్నాను. ఒకే ఒక్క పేరు, వాళ్ళు చేసిన ఒకే ఒక్క పని. రాశాక ఆ మనిషికి ఫోన్ చేస్తాను. మీరు కూడా ఈ వారం ప్రయత్నించండి. ఇది చదివింది ఫోన్‌లోనే కదా, ఆ నంబరూ అందులోనే ఉంటుంది.