ఏ గరాటులో కాఫీ వడకట్టాలి?

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో తెలుగువారు చాలా తరాల నుంచి నివసిస్తున్నారు. నాటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, 1955 నుంచి ఆగ్నేయ రైల్వే, వారికి కొలువులిచ్చింది. చుట్టూ ఉన్నది తేనీటి దేశం. వీరు బంగాళీ మాటలు నేర్చారు, సాయంకాలపు మరమరాలకు అలవాటుపడ్డారు. అయినా పెక్కు వంటిళ్ళలో కాఫీ ఫిల్టరు స్థానం చెక్కుచెదరలేదు.

ఇప్పుడు ఆ ఫిల్టరుకు ఒక పోటీదారు వచ్చినది. బెంగుళూరులోనో, హైదరాబాదులోనో ఉద్యోగం చేసే పిల్లలు పండుగకు వస్తూ పింగాణీ గరాటు ఒకటి, కాగితాల కట్ట ఒకటి తెస్తున్నారు. ఇంగ్లీషులో దీనిని పోర్ ఓవర్ అంటారు. ఈ మాటను తెలిగించబోతే ‘పైనుంచి పోయడం’ అని వస్తుంది. అది కాఫీని గాక తలంటుస్నానాన్ని స్ఫురింపజేస్తుంది. గరాటు కాఫీ అంటే పని గడుస్తుంది.

ఇది నిన్నటి వింత కాదు. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో మెలిట్టా బెంట్స్ అనే గృహిణి ఒక ఇత్తడి పాత్ర అడుగున చిల్లులు పొడిచి, కుమారుని నోటుపుస్తకంలోని అద్దుడు కాగితాన్ని అందులో పరచి కాఫీ వడకట్టింది. గిన్నె అడుగున మడ్డి మిగలడం ఆమెకు గిట్టలేదు. నేటి గరాటులన్నీ ఆ పాత్ర సంతతే.

వీటిలో ఎంపిక చేయవలసి వస్తే రంగు, ఆకారం చూసి మురిసిపోక ముందుగా అడుగును చూడాలి. జపాను దేశపు హారియో వీ60 శంకువు వంటిది. దాని కోణం 60 డిగ్రీలు, అడుగున పెద్ద రంధ్రం ఒక్కటే. నీటిని ఆపేది పొడి, కాగితం తప్ప గరాటు కాదు. కనుక పోసే చేయి తొందరపడితే కాఫీ పలచనవుతుంది, మరీ జాగు చేస్తే చేదెక్కుతుంది. అదే దేశపు కలిటా వేవ్ అడుగు చదునుగా ఉండి, మూడు చిన్న రంధ్రాలు కలిగి ఉంటుంది. నీరు తనంత తానే నెమ్మదిగా దిగుతుంది; చేతి తడబాటును చాలవరకు క్షమిస్తుంది. కొత్తవారికి నేను చదునైనదే చెబుతాను. పింగాణీ అందమైనదే, కాని ముందుగా వేణ్ణీళ్ళతో కడిగి వేడెక్కించకపోతే కాఫీలోని వేడిని తానే తాగేస్తుంది. చవకైన ప్లాస్టిక్ గరాటు ఈ విషయంలో దానికంటే మేలు. అయితే ప్లాస్టిక్ అంటే పెద్దవారికి నచ్చదు. అది వేరే తగవు.

అసలు చిక్కు పాలది. గరాటులో 15 గ్రాముల పొడికి 240 మిల్లీలీటర్ల నీరు పోస్తారు. అంత పలచని కాఫీలో పాలు కలిపితే మిగిలేది గోధుమరంగు పాలే. మన ఫిల్టరు అటువంటిది కాదు. కొద్దిపాటి నీటితో చిక్కని డికాషన్ తీస్తుంది. మూడింతల పాలనైనా అది మోస్తుంది. రెండవ చిక్కు చికోరీ. కొట్లో కొన్న చికోరీ కలిసిన మెత్తని పొడిని గరాటులో పోస్తే కాగితం మూసుకుపోయి నీరు నిలిచిపోతుంది. గరాటుకు చికోరీ లేని పొడిని, కాస్త బరకగా ఆడించి వాడాలి.

అటువంటి పొడికి మనవారు దూరం పోనక్కరలేదు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. పాలు లేకుండా, కాగితం గుండా దించితే గాని దాని అసలు రుచి నాలుకకు తెలియదు. ఆ ఒక్కదాని కోసమైనా ఇంట గరాటు ఉండటం న్యాయమే.

కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నదని వైద్యులు హెచ్చరించిన ఇంట ఇంకొక కారణం కూడా ఉన్నది. కాఫీ గింజలోని కెఫెస్టాల్ అనే నూనె వంటి పదార్థం చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచుతుంది. కాగితం దానిని చాలావరకు పట్టి ఉంచుతుంది. లోహపు చిల్లులకు అంత శక్తి లేదు. రోజుకు నాలుగైదు కప్పులు తాగేవారు దీనిని లెక్కలోకి తీసుకోవాలి. ఒక కప్పుతో సరిపుచ్చుకునేవారికి అంత బెంగ అక్కరలేదు.

అలాగని ఫిల్టరును అటకెక్కించమనను. రాత్రి డ్యూటీ ముగించుకొని ఒకరు వచ్చేవేళకు మరొకరు బయలుదేరే రైల్వే ఇంట మూడు నిమిషాలు గరాటు దగ్గర నిలబడి నీరు పోసే తీరిక ఎవరికున్నది? ఫిల్టరులో పొడి వేసి, నీరు పోసి, మూతపెట్టి వెళ్ళిపోవచ్చును. డికాషన్ వేచి ఉంటుంది. ఇత్తడి ఫిల్టరైతే మాత్రం లోపలి కళాయి పోయినదేమో చూసుకోవాలి. పోతే మళ్ళీ పెట్టించేవరకు వాడరాదు.

గరాటు కొనదలచినవారు కాగితం సంగతి కూడా కనుక్కోవాలి. శంకువుకు చేసిన కాగితం చదును గరాటులో అమరదు, కొలతలూ వేరు. బిడ్డ తెచ్చిన నూరు కాగితాలను విజయదశమి నాడు మొదలుపెట్టి రోజుకు రెండు చొప్పున వాడితే, కార్తీకంతో సరి.